శాలువా కింద వెట్టి

ఫిబ్రవరి 15 దగ్గర పడుతుందంటే మన తండాలకు ఫోన్లు మొదలవుతాయి. సేవాలాల్ మహరాజ్ జయంతి. ఇరవై మంది ఆడవాళ్లు కావాలి, ఫేటియా కాంచళి వేసుకుని రావాలి, డప్పులు మీరే తెచ్చుకోవాలి, పొద్దున తొమ్మిదికల్లా దిగాలి. పెద్దసారు వచ్చేది పన్నెండుకు. అప్పటిదాకా ఎండలో నిలబడాలి. ఆడినంక పులిహోర పొట్లం, ఒక సర్టిఫికెట్, నాయక్‌కు శాలువా. కూలి సంగతేమిటని అడిగితే "మీ పండుగే కదా" అంటారు.

అదే సభలో టెంట్‌హౌస్ వాళ్లకు బిల్లు ఉంది. మైక్‌సెట్‌కు ఉంది. ఫ్లెక్సీ కొట్టినవాడికి, భోజనాలు వండినవాడికి, వీడియో తీసినవాడికి ఉంది. ఆ ఫ్లెక్సీ మీద బొమ్మగా ఉన్నది మన అక్క. ఆమెకు మాత్రం బిల్లు లేదు. తెలంగాణలో దీనికి పాత పేరు ఉంది: వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించిందని పాఠం చెప్పే సార్లే, పాఠం కాగానే ఆ పిల్లల్ని అధికారుల స్వాగతానికి ఆడించడానికి వరుసలో నిలబెడుతున్నారు. ఉపాధ్యాయ మిత్రులు నొచ్చుకున్నా సరే, ఈ మాట అనక తప్పదు.

ఫిబ్రవరి అంటే చెరుకు కోతల కాలం. నారాయణఖేడ్, కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద తండాల్లో చాలా ఇళ్లకు తాళాలుంటాయి. మిగిలిన తమ్ముళ్లు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం షెడ్లలో కాంట్రాక్టరు కింద ఉంటారు. డప్పు కొట్టాలంటే షిఫ్టు వదిలి రావాలి. నాగా పడుతుంది, ఓటీ పోతుంది, బస్సు చార్జీ చేతిది. అంటే మన కళాకారుడు ఉత్తగా ఆడడం కూడా కాదు, ఎదురు డబ్బులిచ్చి ఆడుతున్నాడు.

ఫ్యాక్టరీ బతుకు గొప్పదని మేము అనడం లేదు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అయినా మన పిల్లలు ఆ గేట్ల ముందే ఎందుకు నిలబడుతున్నారు? నెల తిరిగేసరికి ఎంతో కొంత చేతికొస్తుంది. ఈఎస్‌ఐ కార్డు ఉంటే రామచంద్రాపురం ఆసుపత్రికి పోవచ్చు. అదే ఫ్యాక్టరీ గోడ మీద భద్రతా నినాదం రాస్తూ నిచ్చెన మీంచి పడ్డ పెయింటర్ తమ్ముడికి ఏ కార్డూ లేదు. అతన్ని ఫ్రీలాన్స్ ఆర్టిస్టు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, మన దగ్గర ఆ మాటలో ‘ఫ్రీ’ ఒక్కటే మిగిలింది.

గుర్తింపు వస్తుంది కదా, అదే అన్నం పెడుతుంది అంటారు. ఈ దేశంలో పద్మశ్రీని మించిన గుర్తింపు మనదాకా వచ్చేది ఏముంది? 2021లో పద్మశ్రీ వచ్చిన గుస్సాడీ గురువు కనకరాజు, మార్లవాయి గోండు, ఆశ్రమ పాఠశాలలో దినసరి కూలిగా పనిచేసిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య చివరిదాకా పేదగానే బతికాడు. ఇద్దరూ 2024లోనే పోయారు. అదే 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య గిరిజనుడు కాదు, కానీ కథ మనదే. ఆయన గొంతు ‘భీమ్లా నాయక్’ పాటలో మోగింది (నాయక్ అన్న పేరు మనది, వసూళ్లు ఎవరివో చెప్పనక్కరలేదు). ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది. పిల్లల పెళ్లిళ్లకు, జాగాకు, ఇంటికి అవి కరిగిపోయాయి. నెలకు వచ్చే 10,000 ఆగిపోయిందని 2024లో ఆయనే చెప్పాడు. అప్పటికి తుర్కయాంజాల్‌లో కట్టడం పనికి పోతున్నాడు. కోటి రూపాయలు బహుమానం, కూలి వేరు. కూలి అంటే పని చేసిన ప్రతిసారీ రావాలి, రేపు కూడా పని ఉండాలి.

పాటకు జీతం ఇవ్వడం సర్కారుకు చేతకాదా అంటే, అవుతుంది. 2014లో తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులను కొలువులోకి తీసుకున్నారు. సర్కారు పథకాల పాట పాడితే జీతం, తండా పాట పాడితే శాలువా. కేంద్రం వృద్ధ కళాకారులకు నెలకు 6,000 దాకా ఇస్తుంది, కానీ 60 ఏళ్లు నిండాలి. ఇరవై ఐదేళ్ల డప్పు కళాకారుడు అప్పటిదాకా ఏం తినాలి?

ఇక మన పెద్దలు కొందరు అనే మాట: "కళను అమ్ముకుంటామా బిడ్డా?" వాళ్లకు గౌరవంగానే జవాబు చెప్పాలి. మన పూర్వీకులు కళను ఉత్తగా చేయించుకోలేదు. ఢాడీ వచ్చి వంశం పాడితే తండా ఒట్టి చేతులతో పంపేది కాదు. గోండు గూడెంలో పర్ధాన్ కిక్రి వాయించి దేవుళ్ల కథ చెబితే ధాన్యం, పశువు ఇవ్వాల్సిందే. అది భిక్ష కాదు, పర్ధాన్ హక్కు. తీజ్‌కు తొమ్మిది రోజులు గోధుమ మొలకల చుట్టూ మన ఆడపిల్లలు ఆడితే ఎవరూ పైసా అడగరు, అడగకూడదు కూడా. అది మన కోసం. వేదిక కట్టి, అతిథిని పిలిచి, మనల్ని ఫోటోకు నిలబెట్టేది తీజ్ కాదు. అది పని. ఈ తేడా తెలియనట్టు నటించేవాళ్లకే మన పండుగ మీద అంత ప్రేమ.

కంపెనీల సంగతీ ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలు, చేతివృత్తులు అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. పటాన్‌చెరు గేట్ల లోపల ఆ పద్దు కింద ఎంతమంది బంజారా కుట్టుపని చేసే అమ్మలకు ఆర్డర్లు వచ్చాయో అడగాలి. మహిళా దినోత్సవం నాడు ఒక ఆట పెట్టించి ఫోటో దిగితే ఆ పద్దు తీరదు. కాంచళి మీద నెలల తరబడి అద్దం, గవ్వ కుట్టిన అమ్మ దగ్గర పాతబట్టల లెక్కన కొనుక్కుపోయి, హైదరాబాద్ దుకాణంలో సంచిగా అమ్మేవాళ్లకు మాత్రం దాని ధర బాగా తెలుసు.

ఈసారి ఫోన్ వస్తే మొదట తేదీ, సమయం, కూలి, బండి ఖర్చు కాగితం మీద రాసి పంపమనాలి. పెళ్లి బ్యాండు వాళ్లలాగే సగం బయానా ముందు తీసుకోవాలి. షిఫ్టు పోతే ఆ రోజు హాజరీ కూలిలో కలపాలి. గురుకులాల సార్లు, మేడమ్‌లు పిల్లల్ని పంపే ముందు తల్లిదండ్రులను అడగాలి. కంగ్టి వాళ్లు రాకపోతే సిర్గాపూర్ వాళ్లను తెస్తామని బెదిరిస్తారు, మనం విడివిడిగా ఉన్నంతకాలం తెస్తారు కూడా. అందుకే చెరుకు కోతకు బండ్లు కదలకముందే, దీపావళి రోజుల్లో, తండాల నాయక్‌లు, మేళాల పెద్దలు, ఆడే అక్కలు ఒకచోట కూర్చుని రేటు ఖాయం చేసుకోవాలి. కాగితం రాసే పని మాది.