రూపాయి మీది రాజుగారు

పల్నాటి పాత ఇళ్ళలో పెద్దవాళ్ళు పెట్టెల అడుగున దాచిన వెండి రూపాయలు ఇప్పటికీ అక్కడక్కడా బయటపడుతుంటాయి. చూసినవాళ్ళు రెండే ప్రశ్నలు వేస్తారు: "వెండి ఎంత? అమ్మితే ఎంతొస్తుంది?" మిత్రులారా, మూడో ప్రశ్న కూడా వేయమని నా మనవి. దాని మీద ఉన్న తల ఎవరిది? ఆ తలకూ మనకూ ఏమిటి సంబంధం?

ఐదో జార్జి రూపాయినే తీసుకుందాం. బరువు సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజుగారు, ఇంగ్లీషులో ఆయన పేరు, చక్రవర్తి బిరుదు. రెండోవైపు ఇంగ్లీషు, పారసీ అక్షరాలు. తెలుగు ఒక్క ముక్క లేదు. అదే ప్రభుత్వం అణా బిళ్ళ మీద మాత్రం తెలుగు వేసింది! చిల్లరకైతే మన భాష సరిపోయింది కాబోలు.

1911లో వచ్చిన మొదటి రూపాయల మీద రాజుగారి అంగీపై చెక్కిన ఏనుగు పందిలా ఉందని జనం గొడవ చేశారు. సర్కారు వాటిని వెనక్కు తీసుకుని, మరుసటి ఏడు బొమ్మ దిద్దించింది. బొమ్మ విషయంలో జనం మాట విన్న ఆ సర్కారే పల్నాటి రైతు మాట వినలేదు.

అడవిలో పశువులు మేపుకోవాలన్నా, కట్టెలు తెచ్చుకోవాలన్నా పుల్లరి కట్టాలన్నారు. 1921లో పల్నాడు కట్టనన్నది. మించాలపాడు కన్నెగంటి హనుమంతు ముందు నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలైపోయాడు. ఐదో జార్జి తలతో వెండి రూపాయలు ముద్రించిన ఆఖరి సంవత్సరం కూడా 1922. ఇది కాకతాళీయమే కావచ్చు. కాని ఆ ఏటి రూపాయి చేతికొస్తే నాకు రాజుగారికంటే ముందు హనుమంతే గుర్తొస్తాడు.

"దొర తల మనకెందుకు, కరిగించి పట్టీలు చేయించుకుంటే తప్పేమిటి?" అన్నాడో స్నేహితుడు. ఇంటి అవసరం అలాంటిదైతే తప్పని నేననను. కొందరైతే రాజముద్ర అని పూజగదిలో పెట్టి పసుపు కుంకుమలు వేస్తున్నారు. అది మాత్రం నాకు మింగుడుపడదు. ఆ రూపాయి విలువ రాజు వల్ల వచ్చింది కాదు. ఎండలో కష్టపడి దాన్ని సంపాదించి, తినీతినక దాచిపెట్టిన మన ముత్తాతల వల్ల వచ్చింది.

కనుక కంసాలి దగ్గరకు వెళ్ళేముందు ఒక్క పని చేద్దాం. నాణెం మీది సంవత్సరం రాసుకుందాం. ఇంట్లో మామ్మనో తాతనో పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎలా వచ్చిందో అడుగుదాం. పంట అమ్మితే వచ్చిందా, పెళ్ళిలో పెట్టారా, పన్ను కట్టడానికి దాచారా? మాచర్ల నుంచి ఒకరు, గురజాల నుంచి ఒకరు, నరసరావుపేట నుంచి ఒకరు, తలా ఒక పేజీ రాసినా వచ్చే ఏటి సంచికకు పల్నాటి చరిత్రలో ఓ ప్రకరణం తయారవుతుంది. విద్యార్థి సంఘం ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాను.