ముందు జవాబులు, ఆ తర్వాతే మాల్

కోయంబేడు బస్టాండు నుంచి దక్షిణ జిల్లాల బస్సులు శివారులోని కిలాంబాక్కానికి తరలుతున్న 2024 జనవరిలో చెన్నైలో ఒక ప్రచారం గుప్పుమంది. ఖాళీ అయ్యే స్థలాన్ని మాల్ కోసం ఓ పెద్ద వ్యాపార సంస్థకు అప్పగిస్తున్నారన్నది దాని సారాంశం. ప్రభుత్వం ఖండించింది. అక్కడ పార్కు పెట్టాలని పీఎంకే పార్టీ డిమాండ్ చేసింది. ఇంత రభసలోనూ అరుంబాక్కం, విరుగంబాక్కం వాసులను కూర్చోబెట్టి మీకేం కావాలని అడిగినవారు లేరు. అధికారికంగా చెప్పేవాళ్లు లేనిచోట పుకారే సమాచారమవుతుంది. శివారు ఎంత దూరం జరిగితే ఈ లోటు అంత పెరుగుతోంది. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం చుట్టూ రేకులు కట్టి, గొయ్యి తవ్వడం మొదలయ్యాకే అక్కడ దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లతో ఒక సముదాయం రాబోతోందని కాలనీవాళ్లకు తెలుస్తోంది.

అసలు లోపం చట్టంలోనే ఉంది. కేంద్రం 2006లో తెచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి తీసుకోవాలి. పెద్ద గనికో సిమెంటు ఫ్యాక్టరీకో అయితే ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరపాలి. భవన నిర్మాణాలకు మాత్రం అదే నోటిఫికేషన్ దాని నుంచి మినహాయింపు ఇచ్చేసింది. అంటే, రోజుకు వేల మంది వచ్చిపోయే మాల్ మీ ప్రహరీ పక్కనే లేస్తున్నా మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సిన బాధ్యత చట్టరీత్యా ఎవరికీ లేదు. రాష్ట్ర స్థాయి కమిటీ కాగితాలు చూస్తుంది, చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ (సీఎండీఏ) ప్లాన్ చూస్తుంది. అక్కడ కాపురమున్నవాళ్లు మాత్రం ఎక్కడా కనిపించరు. ఇది సరికాదు. మార్చి తీరాలి.

మాల్ అంటేనే గిట్టని వైఖరి ఈ పత్రికది కాదు. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా వాహినీ స్టూడియో ఉన్న వడపళని నేల మీద 2013లో మాల్ వచ్చినప్పుడు తెలుగువారి గుండె కాస్త బరువెక్కిన మాట నిజమే. అయినా రెండేళ్లకే అక్కడికి మెట్రో అందింది. ఈ రోజు ఆ మాల్‌కి సొంత వాహనం లేకుండా వెళ్లిరావచ్చు. వందల మందికి అక్కడ పని దొరికింది. మండుటెండల నగరంలో పిల్లలతో, ముసలివాళ్లతో నీడపట్టున ఒక సాయంత్రం గడపాలనుకోవడం తప్పేమీ కాదు. మా అభ్యంతరం మాల్‌తో కాదు, దాన్ని తెచ్చే పద్ధతితో.

వేళచ్చేరి సంగతి చూడండి. అక్కడ నగరంలోకెల్లా పెద్ద మాల్‌లలో ఒకటి 2013లోనే తలుపులు తెరిచింది. వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా ఐదు కిలోమీటర్ల ఎంఆర్‌టీఎస్ రైలు మార్గం పనులు అంతకు ముందే, 2008లో మొదలయ్యాయి. ఆదంబాక్కంలో అర కిలోమీటరు భూసేకరణ తెమలక అవి దశాబ్దంన్నర దాటినా సాగుతూనే వచ్చాయి. ప్రైవేటు కట్టడం సమయానికి లేచింది, దాని భారం మోయాల్సిన ప్రభుత్వ రైలు మాత్రం వేళకు రాలేదు. ఆ తేడాను శని, ఆదివారాల్లో వేళచ్చేరి మెయిన్ రోడ్డు మీద ఇరుక్కునే అంబులెన్సు దగ్గర్నుంచి అందరూ ఏళ్ల తరబడి మోస్తూ వచ్చారు.

ఇక నీళ్లు. ఇది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు అడుగంటాయి. హోటళ్లు మధ్యాహ్నం భోజనాలు తగ్గించుకున్నాయి, పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్)లో ఐటీ సంస్థలు ఉద్యోగులను ఇంటి నుంచే పనిచేయమన్నాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్లతో రైలు వస్తే జనం పండగ చేసుకున్నారు. పూండికి కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీరు కూడా ఎగువన వానలు పడితేనే. ఓఎంఆర్ అపార్టుమెంట్లలో నేటికీ చాలా చోట్ల తెల్లవారుతూనే వినిపించేది ట్యాంకర్ లారీ హారనే. అలాంటి చోట ఇరవై ముప్పై వంటశాలలు, వందల మరుగుదొడ్లు ఉన్న సముదాయానికి రోజూ ఎన్ని లీటర్లు కావాలి, ఎక్కడి నుంచి తెస్తారు, వాడిన నీరు ఎక్కడికి వదులుతారు అని అడిగితే అది అభివృద్ధిని అడ్డుకోవడం ఎలా అవుతుంది? ట్యాంకర్లతో తెప్పించుకుంటామంటే అది జవాబు కాదు. ఆ ట్యాంకరు నింపుకునే బోరు పక్క ఊరిదే.

వానల సంగతి ఇంకా భయం పుట్టిస్తుంది. దక్షిణ చెన్నై చెరువులు నిండి పొర్లితే ఆ నీరంతా పళ్లికరణై చిత్తడి నేలకు చేరి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి సముద్రానికి పోవాలి. 2022లో అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చిన ఆ చిత్తడి నేలను అప్పటికే చెత్త డంపింగ్ యార్డు, రోడ్లు, కార్యాలయాలు నాలుగు వైపులా తినేశాయి. 2015 డిసెంబరులో వేళచ్చేరి మునిగింది. 2023 డిసెంబరు 4న, మిగ్‌జాం తుపాను రోజున, అక్కడి ఫైవ్ ఫర్లాంగ్ రోడ్డులో ఓ వాణిజ్య భవనం కోసం తవ్విన గొయ్యి అంచు కూలింది. యాభై అడుగుల లోతు గొయ్యి వాననీటితో నిండిపోయింది. పంపులు పెట్టి రోజుల తరబడి నీరు తోడాక గానీ ఇద్దరు కార్మికుల మృతదేహాలు బయటికి రాలేదు. వానాకాలంలో చెరువు పల్లంలో అంత లోతు తవ్వొచ్చా అని తవ్వకముందే ఎవరైనా అడగాల్సింది. అడిగే హక్కున్న వేదిక లేదు.

పార్కింగ్ చిన్న విషయంలా కనిపిస్తుంది. లోపల గంటకింత అని వసూలు చేస్తే బండ్లన్నీ పక్క వీధుల్లోకి వచ్చి జనం గేట్ల ముందు ఆగుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఉత్తర్వు ఇచ్చి, మాల్‌లలో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేసింది. బిల్లు చూపితే ఆపైన కూడా వెసులుబాటు కల్పించింది. చెన్నైలోనూ ఇలాంటి షరతును అనుమతి పత్రంలోనే రాయవచ్చు. అగ్నిభద్రత సంగతికి వస్తే 2017 మే 31న టి.నగర్‌లో ఒక రోజుకు పైగా తగలబడిన బట్టల దుకాణం ఉదాహరణే చాలు. అనుమతికి మించి అంతస్తులు వేసినట్టు ఆ తర్వాత ప్రభుత్వమే చెప్పింది.

ప్రజలను అడుగుతూ కూర్చుంటే పెట్టుబడులు పక్క రాష్ట్రానికి పోతాయని బిల్డర్లు అంటారు. గొయ్యి తవ్వాక కోర్టు స్టేతో ఏళ్ల తరబడి ఆగిపోవడం కన్నా, రెండు నెలలు ముందుగా కూర్చుని మాట్లాడుకోవడం వాళ్లకే లాభం. నిజాయతీగా కట్టేవారికి భయపడాల్సింది ఏమీ లేదు.

వేదిక కొత్తగా సృష్టించక్కర్లేదు. తమిళనాడులో 2022 నవంబరు 1 నుంచి నగరాల్లో స్థానికులు మాట్లాడే ఏరియా సభలు మొదలయ్యాయి. తాంబరం కార్పొరేషన్‌లోని పమ్మల్ సభకు ముఖ్యమంత్రే స్వయంగా హాజరయ్యారు. ఆ సభలకు పని చెప్పాలి. 20,000 చదరపు మీటర్లు దాటిన ప్రతి వాణిజ్య సముదాయానికీ ప్లాన్ అనుమతికి ముందు ఏరియా సభలో విచారణ జరగాలి. నీరు, మురుగు, వాననీటి దారి, వాహనాలు, అగ్నిభద్రతపై బిల్డరు లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఆ పత్రాలు తమిళంలో, తెలుగువారు ఎక్కువగా ఉన్నచోట తెలుగులో కూడా వార్డు కార్యాలయంలో అతికించాలి. జవాబు లేని ప్రశ్న మిగిలితే సీఎండీఏ అనుమతి ఆపాలి. నగర ప్రణాళిక పరిధిని 1,189 నుంచి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచిన ప్రభుత్వానికి, ఆ మేరకు జనం మాట వినే బాధ్యత కూడా పెరిగింది. రెండో మాస్టర్ ప్లాన్ గడువు 2026తో తీరుతుంది. ఈ నిబంధనను మూడో ప్లాన్‌లోనే చేర్చాలి.

శివారు కాలనీల్లోని తెలుగువారికి కూడా ఒక మాట. మీ ఏరియా సభ ఎప్పుడు జరుగుతుందో వార్డు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మీ ప్రశ్నలను కాగితం మీద రాసి, పక్కింటి తమిళ సోదరుల సంతకాలతో కలిపి ఇచ్చి, రసీదు తీసుకోండి.