వడకట్టిన తరువాతి మాట

పోయిన నెల ఒక సోదరి మాకు వుత్తరం వ్రాశారు. వారి అబ్బాయి చదువు ముగించి ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాడట. "రోటరీ ఫిల్టరు దగ్గర డ్యూటీ అంటాడు. అది వడకట్టే యంత్రమని మాత్రం తెలిసింది. వడకట్టడానికి అంత చదువు దేనికండీ?" అని అడిగారు. ఆ యంత్రం దగ్గర మేమూ కొన్నేళ్ళు పనిచేశాం గనుక యీ నెల దాన్ని గురించే ముచ్చటిస్తాం.

హోసూరు దగ్గర మా యింట్లో కాఫీ డికాషను గుడ్డలో వడకట్టేవారు. ఆ గుడ్డ వుతికి ఆరవేయడం పిల్లల పని. ఒకనాడు మేము దాన్ని తెల్లగా వుతికి తెచ్చి గర్వంగా చూపిస్తే, మా అవ్వ గుడ్డవైపు చూడనే లేదు. కింద పెట్టే గిన్నెను తిప్పి చూసి, "గుడ్డ సరే, వడకట్టింది పడేది దీంట్లో గదరా! దీన్నెవరు తోముతారు?" అన్నది. ఫిల్టరును రూపొందించే ఇంజనీరుకు కూడా యిదే మొదటి ప్రశ్న.

ముందు యంత్రం సంగతి. పెద్ద పీపాను అడ్డంగా పడుకోబెట్టి, దాని చుట్టూ గుడ్డ బిగించినట్లు వూహించుకోండి. అదే డ్రమ్ము. దాని కింది భాగం, సుమారు మూడో వంతు, తొట్టిలోని ద్రవంలో మునిగి వుంటుంది. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకు నిమిషమో, కొన్ని నిమిషాలో పడుతుంది. లోపలినుంచి పంపు గాలిని తోడేస్తుంటుంది. అందువల్ల ద్రవం గుడ్డగుండా లోపలికి పోతుంది, మడ్డి గుడ్డమీద పొరగా నిలుస్తుంది. ఆ పొరను ఫ్యాక్టరీలో కేకు అంటారు. అది తొట్టిలోనుంచి పైకి వచ్చినాక నీళ్ళు చిలకరించి కడుగుతారు, గాలి లాగి ఆరబెడతారు, చివరకు కత్తితోనో, దారాలతోనో తీసేస్తారు. ఖాళీ గుడ్డ మళ్ళీ తొట్టిలో మునుగుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో కాలిఫోర్నియా బంగారు గనుల అవసరానికి ఎడ్విన్ లెట్స్ ఆలివర్ అనే ఇంజనీరు రూపొందించిన ఫిల్టరు యీ జాతిదే. చక్కెర మిల్లుల్లో పాతవారు నేటికీ దీన్ని ఆలివర్ ఫిల్టరు అనే పిలుస్తారు.

కొన్నిచోట్ల కావలసింది కేకు. పెన్సిలిన్ తయారీలో అట్లా కాదు. పెద్ద టాంకుల్లో బూజును పెంచుతారు. మందు ద్రవంలోకి దిగుతుంది. బూజు పోగులను తీసివేసి ద్రవాన్ని దక్కించుకోవాలి. ఆ ద్రవంలో మడ్డి మిగిలిందా, తరువాత ద్రావకంతో మందును లాగేటప్పుడు రెండు ద్రవాలూ వేరుపడక చిలికిన మజ్జిగలా కలిసిపోతాయి. కొన్ని రకాల బాక్టీరియా చేరాయా, పెన్సిలినేజ్ అనే ఎంజైమును పుట్టించి మందునే పాడుచేస్తాయి. ఇంకా పైపని అంతా మిగిలి వుండగానే సరుకు చేతిలోనుంచి జారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నీళ్ళ కుండకు చిల్లి పడితే నేల తడుస్తుంది, మనకు తెలుస్తుంది. ఈ ఫిల్టరు అట్లాంటిది కాదు. దీని లోపల గాలి వత్తిడి బయటికంటె తక్కువ. కాబట్టి యే జాయింటు వదులైనా, యే కుట్టు తెగినా, కారడమనేది లోపలికే జరుగుతుంది. లోపల వున్నది శుభ్రమైన ద్రవం. తొట్టిలోని మడ్డి, బయటి దుమ్ము, ఇరుసుకు పెట్టిన గ్రీజు అన్నీ దాంట్లోకే పోతాయి. నేల మాత్రం పొడిగానే వుంటుంది.

మేము పనిచేసినచోట ఒకసారి వడకట్టిన ద్రవం మసకగా రాసాగింది. అందరి చూపూ గుడ్డమీద పడింది. గుడ్డ మార్చారు. రెండు రోజులు గడిచాయి, మళ్ళీ మసక. మూడుసార్లు మార్చినా గుణం కనిపించలేదు. గుడ్డ బిగించే మనిషి సరిగా బిగించడం లేదని తేల్చి, అతని వారం కూలి కోశారు. అతను దినకూలి మనిషి, ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆ కాగితంమీద సంతకం చేసినవారిలో మేమూ వున్నాం.

తరువాత ఒక ముసలి ఫిట్టరు, "అయ్యా, తొట్టిలో మడ్డి తీసేసి మంచినీళ్ళు పోసి తిప్పండి" అన్నాడు. పోసి తిప్పాం. మంచినీళ్ళు కూడా మసకగానే బయటికి వచ్చాయి! తొట్టిలో మడ్డే లేనప్పుడు గుడ్డ దాన్ని వదిలిందనడానికి లేదు. గుడ్డ వెనుక విప్పి చూశాం. డ్రమ్ములోని గదులనుంచి వాల్వుకు వచ్చే గొట్టాల్లో ఒకటి మధ్యలో కిందికి వంగి వుంది. ఆ వంపులో ద్రవం యెప్పుడూ నిలిచి, జిగురు పట్టి, కొద్దికొద్దిగా వూడి వస్తోంది. యంత్రం వచ్చిననాటినుంచీ ఆ వంపు అట్లాగే వుంది. కోసిన కూలి తిరిగి యిచ్చారు. పదిమందిలో పడిన మాటను మాత్రం యెవరూ తిరిగి తీసుకోలేకపోయారు.

ఫిల్టరు గీసేవారు గుడ్డను యెంచుకోవడంలో చూపే శ్రద్ధ గుడ్డ వెనుక కూడా చూపవలెనని మేము నేర్చుకున్నది అప్పుడే. గొట్టాలన్నీ వాలుగా వుండి, ఆపగానే పూర్తిగా ఖాళీ కావాలి. ద్రవం నడవని అడ్డగొట్టం వుండక తప్పకపోతే, దాని పొడవు వ్యాసానికి రెండు మూడు రెట్లు మించకూడదన్నది మందుల పరిశ్రమలో పాటించే నియమం. లోపలి భాగాలు తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలుతో, వెల్డింగు గరుకు కనబడకుండా నున్నగా వుండాలి.

వాల్వు సంగతి మరొకటి. అసలు ద్రవం, కడిగిన నీళ్ళు వేరువేరు టాంకులకు పోయేటట్లు వాల్వులో భాగాలు వుంటాయి. వాటి మధ్య అడ్డు గొట్టపు నోటికంటె వెడల్పుగా లేకపోతే, ఒకే నోరు క్షణంపాటు రెండువైపులా తెరుచుకొని రెండూ కలిసిపోతాయి. ఆ పలకలు రాసుకొని అరుగుతాయి గనుక సులభంగా మార్చే వీలు వుండాలి. కేకును వదిలించడానికి లోపలినుంచి గాలి వూదేచోట ఆ గాలిలో కంప్రెసరు నూనె వుండరాదు.

పంపు గ్లాండువంటిచోట్ల ఒక చిన్న యుక్తి చేస్తారు. అక్కడికి మంచినీళ్ళు సన్నగా వదులుతారు. సీలు వదులైతే లోపలికి పోయేది దుమ్ముగాలి కాక ఆ నీళ్ళే అవుతాయి. కారడాన్ని పూర్తిగా ఆపడం మన చేతిలో లేకపోయినా, యేది కారాలో నిర్ణయించడం మన చేతిలో వుంది.

కొత్త గుడ్డతో మొదలుపెట్టినప్పుడు తొలి ద్రవం యెట్లాగూ మసకగానే వస్తుంది. పొర కట్టినాక ఆ పొరే సన్నని మడ్డిని పట్టుకుంటుంది. అందుచేత తొలి ద్రవాన్ని తిరిగి తొట్టికి పంపే దారి వుండాలి. ప్రతి దారిమీదా ఒక గాజుకన్ను వుంటే యెక్కడ మసక వస్తోందో మనిషి కంటితో చూడగలడు. గాజుకన్ను లేకపోతే నింద దగ్గరలో వున్న మనిషిమీద పడుతుంది.

సోదరికి మా జవాబు యిది: అమ్మా, మీ అబ్బాయి చదువు గుడ్డ వెనుక వున్నదాన్ని చూడడానికి. ద్రవం మసకబారిననాడు యెవరిమీదనైనా కాగితం వ్రాసేముందు తొట్టిలో మంచినీళ్ళు పోసి తిప్పి చూడమని మా మాటగా అతనికి చెప్పండి. గంట పని. ఆ గంట మేము వెచ్చించి వుంటే ఒక మనిషికి మాట దక్కేది.