నెలకో శనివారం ఆ హాలు ఇవ్వండి

మున్సిపల్ కమిషనర్ గారికి,

పాత మార్కెట్ వెనక కమ్యూనిటీ హాలులో నెలకో శనివారం జానపద కళాకారులు పాడతారు. టికెట్ లేదు. చాపలు పరిచేదీ, ఊడ్చేదీ మేమే. పళ్లెంలో పడ్డ డబ్బంతా వాళ్లకే. ఇప్పుడు మీ సిబ్బంది పెళ్లిళ్ల అద్దె మమ్మల్నీ కట్టమంటున్నారు. కడితే ఒగ్గుకథ బృందానికి బస్సు ఛార్జీలు కూడా మిగలవు.

కిన్నెర మొగిలయ్య గారికి 2022లో, చిందు యక్షగానంలో గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. వాళ్ల బాటలో నేర్చుకుంటున్నవాళ్లు జనం ముందు నిలబడేదెక్కడ? హాలు ముందు గడ్డిమంట మీద డప్పులు కాచుకుంటుంటే వాడకట్టు పిల్లలు మూగి, అక్కడికక్కడే దరువు పట్టుకుంటారు.

ఆ ఒక్క సాయంత్రం కరెంటు ఖర్చుకే హాలు ఇచ్చేలా వచ్చే కౌన్సిల్ సమావేశంలో తీర్మానం పెట్టండి. నోటిమాట చాలదు, రాతపూర్వకంగా కావాలి.

ఇట్లు,
హాలు నడుపుతున్న వలంటీర్లలో ఒకరు