అలవాటైన ఓటమిని వదిలించినవాడు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 700 ఓటములు మూటగట్టుకున్న మొట్టమొదటి పెద్ద జట్టు ఇండియానా యూనివర్సిటీది. 1887 నుంచీ ఆడుతున్నారు. 2023 దాకా ఏ ఒక్క సీజన్‌లోనూ పది మ్యాచ్‌లు గెలిచిన పాపాన పోలేదు. సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్ ఒకటి గెలిచి మూడు దశాబ్దాలు దాటింది. అలాంటి జట్టు 2026 జనవరి 19 రాత్రి ఫ్లోరిడాలో మయామీ యూనివర్సిటీ జట్టును 27-21తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. ఆ సీజన్‌లో 16 ఆడి 16 గెలిచింది. ఒక్క ఓటమి కూడా లేకుండా 16 గెలిచిన జట్టు కోసం వెతుక్కుంటూ పోతే 1894 నాటి యేల్ దగ్గర గానీ ఆగం.

ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్తే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. వెళ్లలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఈ వ్యాసానికి ఈ మాత్రం తెలిస్తే చాలు.

ఆ జట్టు కోచ్ పేరు కర్ట్ సిగ్నెట్టి. 2023 నవంబరు చివర ఆయన్ను తీసుకున్నారు. ఆ సీజన్‌లో జట్టు 12 మ్యాచ్‌లు ఆడి మూడే గెలిచింది. చివరి మ్యాచ్‌లో పక్కింటి శత్రువు పర్‌డ్యూ చేతిలో 35-31తో ఓడిన మర్నాడే పాత కోచ్ టామ్ అలెన్‌ను సాగనంపారు. వచ్చిన కొత్తాయనకు 62 ఏళ్లు. పెద్ద జట్లకు ప్రధాన కోచ్‌గా చేసిన అనుభవం లేదు. మీ దగ్గరికి రమ్మని కుర్రాళ్లను ఏం చెప్పి ఒప్పిస్తారని విలేకరులు అడిగితే, 'నేను గెలుస్తాను, గూగుల్‌లో చూసుకోండి' అన్నాడు. ఇండియానా అభిమానులు ఆ మాటకు అప్పట్లో నవ్వుకునే ఉంటారు. ఓడీ ఓడీ విసిగిపోయినవాళ్లకు ధీమాగా మాట్లాడేవాణ్ని చూస్తే మొదట వచ్చేది అనుమానమే.

గూగుల్‌లో చూసినవాళ్లకు కనిపించింది ఇదీ. 2010 దాకా అలబామాలో నిక్ సేబన్ దగ్గర సహాయకుడు. ఈ ఆటలో అంతకన్నా పెద్ద గురువు ఈ తరంలో లేడు. అక్కడే ఉంటే ఏదో ఒక పెద్ద జట్టు పిలిచేది. పిలుపు కోసం కూర్చోకుండా యాభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న వయసులో, జీతం తగ్గించుకుని, రెండో శ్రేణిలో ఆడే ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాకు ప్రధాన కోచ్‌గా వెళ్లాడు. పేరు కలిసింది గానీ ఇది వేరే రాష్ట్రంలో వేరే కాలేజీ. తండ్రి ఫ్రాంక్ సిగ్నెట్టి అక్కడే ఇరవై సీజన్లు కోచ్‌గా చేశాడు. కొడుకు ఆరేళ్లు చేసి, ఈలాన్‌కు, ఆ తర్వాత జేమ్స్ మ్యాడిసన్‌కు వెళ్లాడు. వెళ్లిన ప్రతిచోటా గెలిచాడు. ఏ ఒక్క ఏడాదీ గెలిచినవాటికన్నా ఓడినవి ఎక్కువ లేవు. దేశం చూడని మైదానాల్లో గెలిచాడు కాబట్టి ఆ గెలుపులను ఎవరూ లెక్కలో వేసుకోలేదు, అంతే.

ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు బ్లూమింగ్‌టన్. అక్కడి అభిమానుల సంగతి కూడా చెప్పాలి. ఇండియానా బాస్కెట్‌బాల్ రాష్ట్రం. 1976లో కోచ్ బాబ్ నైట్ జట్టు 32 ఆడి 32 గెలిచింది. పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి శ్రేణిలో ఆ తర్వాత అలా ఓటమి లేకుండా టైటిల్ గెలిచినవాళ్లు లేరు. ఆ ఊళ్లో దేవుళ్లంతా బాస్కెట్‌బాల్ ఆడే అసెంబ్లీ హాల్‌లోనే ఉండేవాళ్లు. పక్కనే ఉన్న ఫుట్‌బాల్ స్టేడియం శనివారం కాలక్షేపానికి. బయట గడ్డి మైదానంలో కార్లు ఆపుకుని, పొయ్యిలు వెలిగించి, మాంసం కాల్చుకుని, స్నేహితులతో పొద్దుపుచ్చేవాళ్లు. వాళ్లలో చాలామంది లోపలికే వెళ్లేవాళ్లు కారు. వెళ్లినవాళ్లు సగం ఆటకే బయటపడేవాళ్లు. అక్కడ ఎమ్మెస్ చేసిన మా మేనల్లుడు టికెట్టు ఊరికే ఇస్తామన్నా తోడు దొరికేవారు కాదని చెప్పేవాడు. ఇన్ఫర్మాటిక్స్ చదవడానికి, కెల్లీ బిజినెస్ స్కూల్లో చేరడానికి వెళ్లిన మన పిల్లలు అక్కడ ఎప్పుడూ ఉంటారు. గంట దూరంలో ఇండియానాపొలిస్ చుట్టుపక్కల కార్మెల్, ఫిషర్స్‌లో తెలుగు కుటుంబాలూ బాగానే స్థిరపడ్డాయి. వాళ్లకు ఈ ఆట పట్టకపోవడంలో వింతేమీ లేదు. ఊరివాళ్లకే పట్టలేదు.

అక్కడ ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1945లో కోచ్ బో మెక్‌మిలిన్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ జట్టులో పరుగులు తీసిన జార్జ్ టాలియాఫెరో అనే నల్లజాతి కుర్రాడికి క్యాంపస్ హాస్టల్లో ఉండే హక్కు లేదు. 1967 జట్టు రోజ్ బౌల్ దాకా వెళ్లి ఓడింది. 1987లో బిల్ మాలరీ ఒకే సీజన్‌లో ఒహాయో స్టేట్‌నూ మిషిగన్‌నూ ఓడించి చూపించాడు. 2005 సీజన్‌కు కోచ్‌గా వచ్చిన టెర్రీ హెప్నర్ రండి, వచ్చి చూడండి అని జనాన్ని స్టేడియానికి పిలిచాడు. మైదానం అంచున పెద్ద సున్నపురాయి బండ పెట్టించాడు, ఆటగాళ్లు దాన్ని తాకి లోపలికి వస్తారు. పన్నెండు మ్యాచ్‌ల సీజన్ దాటి పదమూడోది, అంటే బౌల్ మ్యాచ్, ఆడాలన్నది ఆయన కోరిక. 2007 జూన్‌లో మెదడు క్యాన్సర్‌తో పోయాడు. అదే ఏడాది జట్టు ఆ పదమూడో మ్యాచ్ ఆడింది. ఇవన్నీ నిజమైన మంచి రోజులు. అయితే ఒక్కో మంచి రోజు తర్వాత పదేళ్లు పాత దారే. అలా అలా 'మన రాత ఇంతే' అనే మాట తండ్రి నుంచి కొడుక్కి పోయింది.

సిగ్నెట్టి చేసిన అసలు పని ఆ మాటను ఒప్పుకోకపోవడమని నా ఉద్దేశం. అభిమానులు ఆయనకు చెప్పుకుంటున్న కృతజ్ఞత ట్రోఫీ కోసమే అయితే ఇంత లోతుగా ఉండదు.

ఆయన ముఖం చూడండి. యాభై పాయింట్ల ఆధిక్యంలో ఉన్నా నవ్వడు. చేతులు కట్టుకుని, కనుబొమలు ముడేసుకుని, ఏదో పోగొట్టుకున్నవాడిలా నిలబడి ఉంటాడు. ఒక్కో ప్రయత్నం ఆరు సెకన్లు, మొదటిదీ నూటయాభయ్యోదీ ఒకేలా ఆడాలి, స్కోరు ఎప్పుడూ సున్నా-సున్నాయే అనుకోవాలి. ఇది ఆయన మళ్లీ మళ్లీ చెప్పే పాఠం. వినడానికి అందరు కోచ్‌లూ చెప్పేదే. ఓడే జట్టుకు మాత్రం ఇది వేరేలా పనిచేస్తుంది. ఓడే జట్టు ఆధిక్యంలో ఉన్నప్పుడు కూడా ఎప్పుడు పోతుందో అని స్కోరు బోర్డు చూస్తుంది. ఆ చూపును ఆయన మాన్పించాడు. తొలి సీజన్‌లోనే పది వరుసగా గెలిచారు, మొత్తం 11 గెలిచి రెండే ఓడారు. ఏడాది కిందట తమను ఓడించిన పర్‌డ్యూను 66-0తో చిత్తు చేశారు.

మనుషుల ఎంపికలోనూ అదే తీరు. జేమ్స్ మ్యాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లు ఆయన వెంట వచ్చారు. బడి రోజుల్లో పెద్ద కాలేజీలు కన్నెత్తి చూడని కుర్రాళ్లు వాళ్లలో ఎక్కువ. ఎవడు ఎంత ఎత్తు ఎగరగలడో, ముందు ముందు ఏమవుతాడో ఆయన లెక్కవేయలేదు. ఇప్పటిదాకా మైదానంలో ఏం చేశాడో చూశాడు. ఎల్లకాలం తననూ అలా చూడమని కోరుకున్న మనిషి ఇతరులనూ అలాగే చూశాడు. ఆ 13 మందిలో ఒకడు మికెయిల్ కమారా. జాతీయ ఫైనల్ మూడో క్వార్టర్‌లో మయామీవాళ్లు బంతిని తన్ని దూరం పంపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది అతనే. ఆ బంతిని గోల్ గీత అవతల ఐజయా జోన్స్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు.

2025 నవంబరు 8న పెన్ స్టేట్ మైదానంలో జరిగింది ఇంకా దగ్గరగా చూడాలి. ఆట ముగియడానికి రెండు నిమిషాల లోపే ఉంది. ఇండియానా 24-20తో వెనకబడి ఉంది. గీత ఎనభై గజాల దూరం. టైమ్ అవుట్లు అయిపోయాయి. మొదటి ప్రయత్నంలోనే, పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాను పడగొట్టి ఇంకాస్త వెనక్కి నెట్టారు. పాత ఇండియానా అయితే అక్కడితో కథ కంచికే. మెండోజా లేచి ఒక్కో పాస్ వేసుకుంటూ ఏడు గజాల దాకా తెచ్చాడు. అక్కణ్నుంచి గీత వెనక్కి, ఎత్తుగా విసిరాడు. ఒమర్ కూపర్ జూనియర్ గాల్లోకి లేచి బంతి పట్టాడు. ఒళ్లంతా బయటికి పడిపోతోంది. ఒక కాలి బొటనవేలు మాత్రం లోపలి గడ్డిని తాకింది. కాలేజీ ఆటలో ఒక్క కాలు తాకితే చాలు. 27-24. ఇంకా 36 సెకన్లు మిగిలే ఉన్నాయి.

ఆ తర్వాత డిసెంబరులో ఒహాయో స్టేట్‌ను 13-10తో ఓడించారు, 1988 తర్వాత మొదటిసారి. ఏటా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ, ఇండియానా చరిత్రలో తొలిసారి, మెండోజాకు వచ్చింది. రోజ్ బౌల్‌లో అలబామాను, సిగ్నెట్టి ఒకప్పుడు వదిలి వచ్చిన అలబామానే, 38-3తో ఓడించారు. 1991 తర్వాత గెలిచిన తొలి బౌల్ మ్యాచ్ అదే. ఆరెగాన్ మీద 56-22. ఫైనల్లో నాలుగో క్వార్టర్, 17-14 ఆధిక్యం, నాలుగో ప్రయత్నం. సిగ్నెట్టి మొదట మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టేవాళ్లను పంపాడు. వెంటనే టైమ్ అవుట్ అడిగి వాళ్లను వెనక్కి పిలిచాడు. మెండోజా చేత బంతి పట్టించి నేరుగా మధ్యలోకి పరిగెత్తించాడు. పన్నెండు గజాలు, దెబ్బలు తింటూ, తిరుగుతూ, చేతులు చాచి గీత మీద పడ్డాడు మెండోజా. మూడు పాయింట్లు తీసుకుని ఊపిరి పీల్చుకోవడం ఓడే జట్టు అలవాటు. మన మంగళవారం పొద్దున టిఫిన్ వేళకు మా మేనల్లుడు ఫోన్ చేసి ఆ పన్నెండు గజాలను పావుగంట సేపు వర్ణించాడు.

డబ్బుతో కొనుక్కున్న గెలుపని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి వెళ్లి వెంటనే ఆడొచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు డబ్బు పంచొచ్చు, తొలి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఈ నియమాలు మారకపోతే ఇండియానాకు ఇది దక్కేది కాదు, నిజమే. మెండోజా కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టు నుంచి వచ్చినవాడే. జేమ్స్ మ్యాడిసన్ అభిమానులు ఒక్క శీతాకాలంలో కోచ్‌నూ మేటి ఆటగాళ్లనూ పోగొట్టుకున్నారు, వాళ్ల బాధ బాధే. అయినా ఈ తలుపులు అందరికీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఇండియానాకన్నా ఎక్కువ ఖర్చు పెట్టే అలవాటున్న జట్లు ఇంట్లో కూర్చుని ఆ ఫైనల్ చూశాయి. డబ్బు ఆటగాణ్ని తెస్తుంది. ఎనభై గజాల దూరంలో, మొదటి ప్రయత్నంలోనే పడిపోయాక లేచి నిలబడటం డబ్బుతో రాదు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. 2025 అక్టోబరులో సిగ్నెట్టికి ఎనిమిదేళ్లకు దాదాపు 9.3 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. అదే ఏడాది వేసవిలో, రాష్ట్ర చట్టం పుణ్యమా అని, అదే యూనివర్సిటీ వందకు పైగా డిగ్రీ కోర్సులను ఎత్తేయడమో, ఆపేయడమో, ఇంకోదాంట్లో కలిపేయడమో చేయాల్సి వచ్చింది. పట్టా పుచ్చుకునేవాళ్లు తక్కువన్నది కారణం. ఆ డబ్బు వేరు, ఈ డబ్బు వేరు అని అధికారులు లెక్కలు చూపించొచ్చు. కానీ నూరేళ్లకు పైగా ఓడిన ఫుట్‌బాల్ జట్టును ఎవరూ మూసేయలేదు. దానికి ఓపిక పట్టారు, కోచ్‌ల మీద కోచ్‌లను మార్చి చూశారు, చివరికి సరైన మనిషి దొరికాడు. నలుగురైదుగురే పట్టా పుచ్చుకునే భాషా విభాగానికి ఆ ఓపికలో పదో వంతు కూడా దక్కలేదు. ఇందులో స్టేడియంలో అరిచే అభిమాని తప్పేమీ లేదు. చట్టం చేసినవాళ్లనూ, దానికి తలవంచినవాళ్లనూ మాత్రం అడిగి తీరాలి.

ఇక ఆ అభిమానుల్ని నేను అడిగేది ఒకటుంది. 2026 సీజన్ నుంచి మెండోజా లేడు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ బాట పట్టాడు. సిగ్నెట్టి వెంట వచ్చినవాళ్లలో చాలామందికి కాలేజీలో ఆడే గడువు తీరిపోయింది. గెలుస్తూనే ఉండే జట్టు ఈ భూమ్మీద లేదు, ఎప్పుడో ఒక శనివారం ఇండియానా సొంత మైదానంలో చెడ్డగా ఓడుతుంది. టైటిల్ చూసి కొత్తగా చేరిన జనం ఆ రోజు కోచ్‌ను తిడతారు, ఇచ్చిన కోట్లు లెక్కపెడతారు. మాలరీ కాలంలోనూ హెప్నర్ కాలంలోనూ వర్షంలో తడుస్తూ చివరిదాకా కూర్చున్న పాతవాళ్లు కొద్దిమంది ఉన్నారు. ఆ శనివారం ఎలా ఉండాలో వాళ్లకు తెలుసు. మిగతావాళ్లు వాళ్ల పక్కన సీటు చూసుకుని, నాలుగో క్వార్టర్ అయ్యేదాకా కూర్చోవాలి.