సర్కారు పనిలో కాలు విరిగితే ‘మాకు సంబంధం లేదు’ అంటే కుదరదు



ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నప్పుడు మా గూడెం అన్న ఒకాయన ఆశ్రమ పాఠశాల అదనపు గదుల పనికి పోయి, సెంట్రింగ్ మీద నుంచి పడ్డాడు. నడుముకు బెల్టు లేదు, తలకు హెల్మెట్ లేదు. కుడి కాలు విరిగింది. ఇంజనీర్ సారును అడిగితే “లేబర్ మావాళ్లు కాదు, కాంట్రాక్టర్‌నే అడగండి” అన్నాడు. వారం తర్వాత కాంట్రాక్టర్ మనిషి ఇరవై వేలు, ఒక కాగితం పట్టుకొచ్చాడు. గూడెంలో చదువుకున్నోడివని ఆ కాగితం నాతోనే చదివించారు. ఇకమీద కాంట్రాక్టర్‌ను గానీ, శాఖను గానీ ఏమీ అడగనని అందులో ఉంది.

“ఏం చేద్దాం తమ్మీ?” అన్నాడు అన్న.

“తీసుకో అన్నా, ఇది కూడా పోతే ఏమీ రాదు” అన్నాను.

ఆయన వేలిముద్ర వేశాడు. ఈ రోజుకీ కుంటుతూనే నడుస్తున్నాడు. కూలికి వదిన పోతోంది. నాకు ఆ రోజు చట్టం తెలియదు. మీకు అట్లా జరగొద్దనే ఇది రాస్తున్నా.

పని సమయంలో, పని వల్ల దెబ్బ తగిలిన కార్మికుడికి పరిహారం ఇవ్వాలని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెప్పింది. పని కాంట్రాక్టర్‌కు అప్పగించినా, చేయించుకున్న అసలు యజమానిని కూడా పరిహారం అడగొచ్చని 12వ సెక్షన్ చెప్తుంది. “మాది ప్రభుత్వ శాఖ, వ్యాపారం కాదు కదా” అని తప్పించుకునే దారిని కూడా ఆ చట్టం మూసేసింది. ప్రభుత్వ శాఖ చేసే విధులను ఈ చట్టం వరకు దాని వ్యాపారంగానే చూడాలని 2వ సెక్షన్‌లో ఉంది. శాఖకు నష్టం కూడా లేదు. ముందు కట్టి, ఆ డబ్బు కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. అతని బిల్లులు ఉండేది వాళ్ల చేతిలోనే. ఇంక పేదోడిని ఇద్దరి మధ్య ఎందుకు తిప్పుతున్నారు?

2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పేరు మారింది గానీ కాంట్రాక్టు పనికి అసలు యజమాని బాధ్యత పోలేదు.

ఇప్పుడు ఆ ఇరవై వేల లెక్క చూద్దాం. 30 ఏళ్ల కార్మికుడు, నెలకు 15,000 కూలి అనుకోండి. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వస్తే, కూలిలో 60 శాతాన్ని అతని వయసుకు చట్టం పెట్టిన 207.98 అంకెతో గుణించాలి. 18,71,820 రూపాయలు వస్తుంది. సంపాదించే శక్తి 40 శాతం పోయిందని డాక్టర్ రాస్తే 7,48,728 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. మనం ఏడు లక్షల హక్కును ఇరవై వేలకు అమ్ముకున్నాం. అమ్మించింది నేను.

ఆ వేలిముద్ర కాగితం సంగతి కూడా వినండి. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని 17వ సెక్షన్ చెప్తుంది. మనిషి చనిపోతే పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు, మూడు నెలల కూలికి మించని అడ్వాన్సు తప్ప.

మనవాళ్ల మీద ఎప్పుడూ వేసే నింద ఇంకొకటి ఉంది: “తాగి పడ్డాడు.” చావు గానీ, పూర్తి శాశ్వత వైకల్యం గానీ జరిగినప్పుడు ఈ సాకు చట్టం ముందు పనికిరాదు. చిన్న గాయాలకైనా, ప్రమాదానికి నేరుగా తాగుడే కారణమని తేలాలి. ఊరికే నోటితో అంటే సరిపోదు.

2025 ఫిబ్రవరి 22న నల్లమలలో, దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. అందులో నలుగురు జార్ఖండ్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. అక్కడికి కెమెరాలు వచ్చాయి, మంత్రులు వచ్చారు. మన గూడెం కల్వర్టు దగ్గరికి, హాస్టల్ గోడ దగ్గరికి ఎవరొస్తారు? మనమే పోవాలి. ఒకటి గుర్తుంచుకోండి: ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది. పరిహారం చట్టప్రకారం రావాల్సింది. మొదటిది ఇచ్చామని రెండోది ఎగ్గొట్టనీయొద్దు.

అందుకే చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్తున్నా. ప్రమాదం జరిగిన రోజే పని జరిగే చోటు, అక్కడి బోర్డు ఫోటో తీయండి. బోర్డు మీద శాఖ పేరు, కాంట్రాక్టర్ పేరు, పని విలువ ఉంటాయి. ఆస్పత్రి చీటీలో “పని దగ్గర పడ్డాడు” అని రాయించండి. మేస్త్రి, తోటి కూలీల మాటలు ఫోన్లో రికార్డు చేయండి. పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. రెండేళ్ల లోపు జిల్లా లేబర్ ఆఫీసులో పరిహారం కేసు వేయండి. కాంట్రాక్టర్‌తో పాటు శాఖను కూడా ప్రతివాదిగా పెట్టండి. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే సగం వరకు జరిమానా కూడా వేయొచ్చు.

గ్రామసభకు కూడా ఒక ఆయుధం ఉంది. పంచాయతీ నిధుల వినియోగానికి గ్రామసభ ధ్రువీకరణ తీసుకోవాలని 1996 పెసా చట్టం చెప్తుంది. పంచాయతీ పనిలో మన మనిషి కాలు విరిగి పరిహారం రాకపోతే, ఆ పని సక్రమంగా అయిందని మనమెందుకు చేతులెత్తాలి? ముందు పరిహారం జమ చేయమందాం, ఆ తర్వాతే తీర్మానం.

మా అన్న విషయంలో రెండేళ్లు దాటిపోయాయి. కానీ ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కేసు తీసుకునే అధికారం కమిషనర్‌కు ఉంది. అన్న కేసు కాగితాలు నేనే రాస్తున్నా. ఆలస్యానికి కారణం అన్నచోట ఉన్నదే రాశాను: “హక్కు ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.”

మీ గూడెంలో ఇంకొకరు ఈ మాట రాయాల్సిన పరిస్థితి రానీయకండి.

జై ఆదివాసీ!