ఊరు మనదయ్యేది బస్సెక్కాకే

బదిలీ ఉత్తర్వు మనకు క్వార్టరు ఇస్తుంది, బడిలో సీటు ఇస్తుంది. ఊరిని మాత్రం ఇవ్వదు. దాన్ని మనమే సంపాదించుకోవాలి. అందుకు దగ్గరి దారి, ఆ ఊరి జనం ఎక్కే బండి మనమూ ఎక్కడమే.

మనలో చాలామందికి ఢిల్లీ అంటే క్వార్టరు, స్కూలు వ్యాను, ఆదివారం మార్కెట్టు. మూడేళ్ళు గడిచి మళ్ళీ సామాన్లు కట్టే రోజుకి కూడా పక్క కాలనీకి దారి తెలియదు. నాన్నగారికి సెలవు దొరికితేనే బయటికి కదలడం. కొత్త ఊళ్ళో మనకు దిగులు పుట్టించేది భాష రాకపోవడం ఒక్కటే కాదు, దారి తెలియకపోవడం కూడా.

నిజానికి మన గుమ్మం ముందే ఎన్ని దారులు! సరోజినీ నగర్ మెట్రో స్టేషన్ 2018 ఆగస్టులో మొదలైంది. ఇక్కడ పింక్ లైను ఎక్కితే పక్క స్టేషనే ఐఎన్ఏ. అక్కడ ఎల్లో లైనుకు మారితే, మనం ఊరికెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ బయలుదేరే న్యూఢిల్లీ స్టేషన్‌కు చేరతాం. రెండోవైపు వెళ్తే మూడో స్టేషన్ పేరు దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర మహిళా సభను స్థాపించిన మన దుర్గాబాయమ్మే ఆవిడ. సరోజినీ నాయుడు పుట్టిందీ హైదరాబాదులోనే, 1879లో. వ్యానులో వెళ్తే ఈ పేర్లు మనకు ఎదురుపడవు.

ఇక రింగు రోడ్డు చుట్టూ తిరిగే బస్సు పేరు ముద్రిక. ముద్రిక అంటే ఉంగరం! ఆ బస్సులో ‘భయ్యా, ఎయిమ్స్ జాయేగీ?’ అని ఒక్కసారి అడిగితే చాలు, పుస్తకంలోని హిందీ మన నోటికి వస్తుంది.

ప్రతి చోటికీ దాని బండి ఉంటుంది. విజయవాడలో షేర్ ఆటో, ఢిల్లీలో గ్రామీణ సేవ, కెన్యా రాజధాని నైరోబీలో మటాటు, టాంజానియాలో డాలాడాలా. పేర్లే వేరు. జనం నిండేదాకా డ్రైవరు కదలడు, పక్కవాళ్ళు జరిగి చోటిస్తారు. ఒక ఊళ్ళో దారి అడగడం నేర్చుకున్నవాళ్ళకు తరవాతి పోస్టింగు ఎక్కడైనా బెంగ ఉండదు.

రద్దీ, ట్రాఫిక్ చూసి పెద్దలు భయపడడం సహజమే. అందుకే మొదట వాళ్ళతోనే వెళ్దాం. కానీ దారి మనం చెబుదాం. ఎక్కడ మారాలో, ఎక్కడ దిగాలో, కార్డులో ఎంత డబ్బు మిగిలిందో మనమే చూద్దాం. అమ్మానాన్నలు కూడా ఈ ఒక్క పని పిల్లలకు వదలాలి.

మార్చిలో పరీక్షలయ్యాక మనలో కొందరం ఇక్కణ్ణించి వెళ్ళిపోతాం, కొత్తవాళ్ళు వస్తారు. వెళ్ళేముందు ఒక్కొక్కరం ఒక కాగితం మీద మనకు తెలిసిన ఒక దారి రాసి తరగతిలో ఇచ్చి వెళ్దాం. ఏ నంబరు బస్సు, ఏ గేటు, ఎంత సేపు అన్నవి ఉంటే చాలు. కొత్తగా వచ్చే పిల్లలకు మన బడి తరఫున అదే మొదటి కానుక.